మెత్తటి గీత, గట్టి గీత

దామలచెరువు మామిడి మండీలో
మొన్న రాత్రి పదకొండుంబావుకి
కాటా పక్కనున్న కంప్యూటర్ కొయ్యబారింది.
తప్పు నాది.
నేను రాసిన ప్రోగ్రామే
మూడు సీజన్ల రసీదుల్ని మెమరీలోకి లాక్కుని,
చాలక ఇంకా అడిగి,
అడిగిందల్లా సిస్టమ్ ఇస్తూ పోయి,
చివరికి మౌస్ బాణం కదలడానికి కూడా
జాగా లేకుండా చేసింది.

పాకాల రోడ్డు మీద
బెంగళూరా కాయల ట్రాక్టర్లు ముప్పై ఎనిమిది.
హారన్లు. తిట్లు.
తొడిమల దగ్గర కారిన సొన వాసన.
ఒక రైతు కిటికీలోంచి తల పెట్టి
"ఏం నైనా, నీ మిషన్‌కి అరగలేదా?" అన్నాడు.

ఇంకో మెమరీ చిప్పు కొంటే సరి, అన్నాడు మండీ ఓనరు.
కాటా చెంగల్రాయులు మాత్రం
బీడీ చెవి మీద దోపుకుని
"ఆకు పెద్దది చేస్తే ఆకలి తగ్గతాదా అబ్బా?" అన్నాడు.

నాలుగింటికి, అందరూ పోయాక, కూర్చున్నాను.
ప్రోగ్రామ్ తలవాకిట్లోనే,
ఒక్క ఫైలు తెరవకముందే,
ఒక్క అంకె చదవకముందే,
నాలుగు వరుసలు.
బయటివాళ్లు వేసే సంకెల కాదది.
నీ నోటితో నువ్వే కెర్నల్‌కి చెప్పుకునే మాట:
ఇంతకు మించి నేనడిగితే
ఇవ్వొద్దు.

గీతలు రెండు.
మెత్తటి గీతని నువ్వే జరుపుకోవచ్చు
ముందుకీ వెనక్కీ, గట్టి గీత దాకా.
గట్టి గీతని దించుకోవచ్చు, అంతే.
దించాక మళ్లీ ఎత్తడం
రూట్ దయ లేనిదే నీ తరం కాదు.
నీకు పుట్టే పిల్ల ప్రాసెస్‌లూ
ఆ గీతతోనే పుడతాయి.

ఇదంతా వినిపిస్తే
చెంగల్రాయులు నవ్వలేదు.
టిఫిను బండి కుప్పమ్మ వైపు చూశాడు.

శనివారం శనివారం కూలి డబ్బంతా
ఆమె చేతిలో పోస్తాడంట.
రోజుకి నూరు ఇయ్యి,
కాళ్లు పట్టుకున్నా పైన ఇయ్యొద్దు, అని.
పోయిన నెల ఒక రాత్రి
నిజంగానే పట్టుకున్నాడంట.
రుబ్బురోలు పక్కన కూలబడి ఏడిచి,
ఆమె వంశాన్నంతా పేరుపేరునా తిట్టి.
ఆమె సంగటి కుండ తోముతూనే అన్నదంట:
"ఇప్పుడడిగే నువ్వు కాదు,
శనివారం చెప్పిన నువ్వు నాకు పెద్ద."

హద్దు లేదు అనడానికీ
ఆ భాషలో ఒక పేరుంది. మొన్నటిదాకా
నా ప్రోగ్రామ్‌లన్నీ ఆ పేరు మీదే బతికాయి.
తుడిచేసి అంకె వేయాలంటే వేళ్లు ఆగాయి.
ఎంత?
ఏ మాన్యువల్లోనూ లేదు.
"నూరే ఎందుకు?" అనడిగాను.
"నూటిరవై అయితే సీసాకొస్తాది,
ఎనబై అయితే బస్సుకి చాలదు."
ఆ లెక్కనే నేనూ
ఒక రోజు రద్దీ కొలిచి, పైన చిటికెడు కలిపి
ఐదొందల పన్నెండు మెగాబైట్లు అన్నాను.
కోర్ ఫైలుకి సున్నా.
పోతే పోనీ, పంచనామా వద్దు.

పరీక్ష కోసం ఒకసారి
గట్టి గీతని మరీ కిందికి దించేశాను.
పైకి రాలేదు.
ఆ ప్రాసెస్‌ని చావనిచ్చి
కొత్తది మొదలుపెట్టాను. అర సెకను పట్టింది.
చెంగల్రాయులికి ఈ సంగతి చెప్పలేదు.

నిన్న సాయంత్రం ఏడు దాటాక
అది మళ్లీ చెయ్యి చాపింది.
కెర్నల్ ఖాళీ చెయ్యి చూపింది.
లాగ్‌లో ఒకే వరుస:
"జాగా లేదు, పాత లెక్కలు వదిలేస్తున్నా."
అంతే. కాటా ఆగలేదు.
నాలుగు వేల రెండొందల పది కిలోలు,
కేకేశాడు చెంగల్రాయులు.
ట్రాక్టరు కదిలింది.

తొమ్మిదింటికి కుప్పమ్మ
బిస్కెట్ల డబ్బాలోంచి నోటు తీసిచ్చింది.
లైటుకేసి పట్టుకుని చూశాడు,
రోడ్డవతల షాపు బోర్డునీ చూశాడు.
నేను స్క్రీన్ వైపు తిరిగాను.
వెనక ఎవరిదో కాయల బస్తా
కాటా మీద దిగిన చప్పుడు.